ఇరవై ఒక్క ఇళ్ల గుడ్డ

గుడ్డను చెవి దగ్గర పెట్టుకుని వినే మనిషిని నేను ఒక్కరినే చూశాను. కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని, కళ్లు మూసుకుని, కుడి చెవి పక్కన మెల్లగా రుద్దేది. అచ్చమైన నూలైతే చప్పుడు రాదు, నైలాన్ కలిస్తే సన్నగా కీచుమంటుంది అని ఆమె లెక్క. అప్పటికీ అనుమానం తీరకపోతే ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటించేది. బూడిదై రాలితే మంచి గుడ్డ. నల్లగా ముద్దకడితే "ఛీ, ప్లాస్టిక్" అనేది. అన్నాక పారేస్తుందా అంటే అదీ లేదు. ప్లాస్టిక్ గుడ్డలకు వేరే సంచి ఉండేది.

ఆమె పోయి తొమ్మిది రోజులైందని మా పాత ఇంటి ఓనరు అమ్మకు ఫోన్ చేసి చెప్పారు. అమ్మ ఫోన్ పెట్టేసి, మళ్లీ కత్తిపీట ముందు కూర్చుంది. తర్వాత అంది: "ఎల్లుండి దినం అంట. నువ్వు వెళ్లిరా. నేను రాలేను."

ఎందుకు రాలేవని నేను అడగలేదు. అడగకుండా ఉండటం మా ఇంట్లో అందరికీ బాగా వచ్చు.

మేం ఇప్పుడు ఎల్బీ నగర్‌లో ఉంటున్నాం. అంతకుముందు ఆరేళ్లు దిల్‌సుఖ్‌నగర్‌లో, బస్ డిపో వెనక సందులో, ఒక మూడంతస్తుల ఇంట్లో పైభాగంలో అద్దెకున్నాం. సందు నిండా హాస్టళ్లు, కోచింగ్ సెంటర్ల బోర్డులు. కింద వెనకవైపు ఒంటి గదిలో ఆమె ఉండేది. అందరూ బొంతల అవ్వ అనేవారు. అవ్వ అన్నారని ముసలిది అనుకోకూడదు, అప్పటికి అరవై కూడా నిండలేదు. అసలు పేరు నాకు దినం రోజున ఫోటో కింద చదివేదాకా తెలియదు. చదివాక అది వేరెవరి పేరో అనిపించింది. అందుకే ఇక్కడ రాయడం లేదు.

గదిలో ఒక ఇనుప మంచం ఉండేది. దాని మీద ఆమె ఎప్పుడూ పడుకోలేదు. మంచం మీద గుడ్డలు, కింద సందుగ పెట్టెలో గుడ్డలు, గోడ మేకులకు వేలాడే సంచుల్లో గుడ్డలు. ఆమె చాప వేసుకుని నేల మీద పడుకునేది.

"మంచం గుడ్డలకు, నేల మనిషికి. గీ ఇంట్ల గుడ్డై పుట్టినా బాగుండు," అనేది యాదమ్మ.

యాదమ్మ ఆమె స్నేహితురాలు. ఇద్దరిదీ హయత్‌నగర్ దాటాక ఒకే ఊరు. ఒకే ఏడు పెళ్లిళ్లై, కొన్నేళ్ల తేడాతో పట్నం వచ్చారు. యాదమ్మ పొద్దున్నే గడ్డిఅన్నారం మార్కెట్లో పండ్లు ఎత్తుకుని, గంప నెత్తిన పెట్టుకుని మా సందులన్నీ తిరిగేది. ఎండ ఎక్కాక అవ్వ గడప మీద కూలబడి నీళ్లు అడిగేది. నీళ్లు తాగుతూ గదిలోకి తొంగి చూసి ఏదో ఒకటి అనకుండా ఉండలేదు.

అవ్వ కూతురు లలిత ఇంకా కఠినంగా మాట్లాడేది. అత్తగారింటి నుంచి వచ్చినప్పుడల్లా ముక్కు మూసుకుని, "అమ్మా, నువ్వు సస్తే కట్టెలు కొనే పనే లేదు. గీ గుడ్డలే సాలు," అనేది. అవ్వ నవ్వేది. ఆమెకు పైవరసలో రెండు పళ్లే మిగిలాయి, దారం తెంపడానికి అవే పనికొచ్చేవి.

గుడ్డలు ఎక్కడి నుంచి వచ్చేవో అంత తేలిగ్గా చెప్పలేను. మెయిన్ రోడ్డు మీద టైలర్లు ఆమె కోసం కత్తిరింపులు మూటకట్టి ఉంచేవారు. బదులుగా వాళ్లకు కాజాలు కుట్టిపెట్టేది. పరీక్షలైపోయి హాస్టళ్లు ఖాళీ అయ్యే రోజుల్లో అవ్వ మెట్ల దగ్గరే కూర్చునేది. ఊళ్లకు వెళ్లిపోయే అమ్మాయిలు వదిలేసిన చున్నీలు, కర్టెన్లు, చిరిగిన నైటీలు ఆమె ఒళ్లోకి వచ్చేవి. ఉతికి, ఆరేసి, తలగడ కింద పెట్టి సాఫు చేసి, అంచు లోపలికి పోయేలా నాలుగు మడతలు పెట్టేది. రంగుల ప్రకారం కాదు, మనుషుల ప్రకారం సర్దేది. "గిది మూడో నంబర్ హాస్టల్ల ఏడ్సుకుంట పోయిన పిల్లది. గిది బట్టతల టైలర్‌ది, గీ ముక్క ఇచ్చిన దినమే ఆయన మిషన్ సూది ఇరిగింది."

ప్రతి గుడ్డకూ ఒక కారణం ఉండాలి ఆమెకు. ఎవరూ అడగకపోయినా చెప్పేది. ఇది వానాకాలానికి. ఇది మళ్లీ దొరకని రంగు. ఇది మరీ చిన్న ముక్క, జాగా పట్టదు. ఇది పెద్ద ముక్క, పారేస్తే పాపం. ఇది లలితకు పుట్టబోయే వాళ్లకు. ఏ కారణమూ దొరకని గుడ్డ చేతికొస్తే కాసేపు ఇబ్బందిగా అటూఇటూ తిప్పి, "తినేది గాదు గదా, ఖరాబైతదా ఏంది," అని సందుగలో వేసేది. నేనూ పాత పుస్తకాల బండి దగ్గర ఎప్పటికీ చదవని పుస్తకాలు కొని, అమ్మకు కారణాలు చెప్పేదాన్ని. అందుకే ఆమె గడప దగ్గర కూర్చోవడం నాకు బాగుండేదేమో. అక్కడ మాట్లాడే పని లేదు. సూదిలో దారం ఎక్కించి ఇస్తే చాలు.

"గీ పిల్లకు నోట్ల నాలుక ఉన్నదా, ఆంధ్రల మర్చిపోయొచ్చిందా?" అని యాదమ్మ నన్ను ఆటపట్టించేది.

"ఉన్నది. నీలెక్క ఇరవై నాలుగు గంటలు ఆడదు, గంతే," అనేది అవ్వ.

ఆ ఏళ్లలో గుడ్డకు కరువు లేదు. రోజూ ఏదో ఒక ఊరేగింపు. చౌరస్తాలో సభ అయిపోయి జనం వెళ్లిపోయాక అవ్వ వెళ్లి తెగిపడిన బ్యానర్లు తెచ్చేది. గులాబీ గుడ్డ చెవి దగ్గర పెట్టుకోకముందే "ప్లాస్టిక్" అని తేల్చేసేది. అయినా తెచ్చేది. ఆమె చాప కింద పరిచిన బొంత లోపలి వైపు సగం 'జై' ఉండేది.

"తెలంగాణ వస్తుందా అవ్వా?" అని అడిగాను ఒకసారి.

"ఒస్తది. ఒస్తె మా అల్లునికి నౌకరి ఒస్తదంటున్నరు." సూది ఆపి నా వైపు చూసింది. "మీరు యాడికి పోతరు బిడ్డ, ఈడనే ఉండున్రి. మీరు పోతే నాకు మెత్తటి చీరలు ఎవరిస్తరు?"

అమ్మకు మాత్రం ఆ రోజుల్లో భయం. కూరగాయల బండి దగ్గర వేలుతో చూపించి తూకం అడిగేది. "బయట ఎక్కువ మాట్లాడకు. నోరు తెరిస్తే మన యాస తెలిసిపోతుంది," అని మాకు చెప్పేది. మమ్మల్ని నిజంగా ఎవరూ ఏమీ అనలేదు. గోడల మీద రాతలు, మైకుల్లో మాటలు, టీవీలో అరుపులు, అంతే. తమ్ముడు ఆ మాట వినేవాడు కాదు. నాకు మాత్రం అది సుఖంగా ఉండేది. పుట్టినప్పటి నుంచీ నోరు విప్పడానికి బెదిరే దాన్ని. ఇప్పుడు దానికి ఒక మంచి కారణం దొరికింది.

లలితకు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. మొదటిది పురిట్లోనే. రెండోవాడు రెండు నెలలు బతికాడు. మూడోసారి నిలిచి అయిదో నెల వచ్చాక, ఒకరోజు పొద్దున అవ్వ తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, గదికి తాళం వేసి బయల్దేరడం చూశాను. సాయంత్రం వచ్చేసరికి కొంగులో మూడు ముక్కలున్నాయి.

వాళ్ల వైపు ఆచారం అది. వరసగా పిల్లలు పోయిన తల్లికి మళ్లీ కాన్పు వస్తే, పుట్టేబిడ్డను అడుక్కొచ్చిన గుడ్డలో చుట్టాలి. ఇరవై ఒక్క ఇళ్లలో అడుక్కోవాలి. అప్పుడు ఆ బిడ్డ ఎవరికీ చెందని బిచ్చపు బిడ్డ అవుతుంది. తీసుకుపోవడానికి వచ్చిన చావు, ఇది ఎవరి బిడ్డో తెలియక వెనక్కి పోతుందట. కొడుకైతే భిక్షపతి, కూతురైతే బిచ్చమ్మ అని పేరు పెడతారు. ఒకటే షరతు. ఇచ్చే తల్లికి పుట్టిన పిల్లలందరూ బతికి ఉండాలి. ఒక్కరు పోయినా ఆ ఇంటి గుడ్డ పనికిరాదు.

"ఇంటినిండా ఇన్ని ఉన్నాయి కదా అవ్వా?" అన్నాను.

"ఇవి నాయి బిడ్డ. నా గుడ్డల పుడితే నా మనవడైతడు. నా మనవలు బతుకుతలేరు గదా."

అన్నేళ్లు కూడబెట్టిన గుడ్డల మధ్య కూర్చుని ఆ మాట అంది. ఆ వేళ తప్ప ఆమె తన గుడ్డల్ని కాదనడం నేనెప్పుడూ వినలేదు.

ఎవరు ఏది ఇచ్చారో మర్చిపోకూడదని నన్ను రాసిపెట్టమంది. ఆమెకు చదువు రాదు. "నీకు రాసుకునే అలవాటున్నది గదా." నా డైరీ చివరి పేజీల్లో రాశాను. ఇల్లు, గుడ్డ, పిల్లలు ఎందరు, పోయినవారు ఎందరు. చివరి గడిలో అన్నిటికీ ఒకటే మాట: లేరు. యాదమ్మది అయిదో వరస. ఎర్ర చుక్కల నేతచీర, పిల్లలు ముగ్గురు, పోయినవారు లేరు. ఆ ముక్క ఇచ్చేటప్పుడు యాదమ్మ కళ్లకద్దుకుని ఇచ్చింది. ఆ ఒక్కసారి హాస్యమాడలేదు.

పంతొమ్మిది ఇళ్లు అయ్యాక అవ్వ మెట్లెక్కి మా గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రాలేదు. కొంగు రెండు చేతులతో చాపి నిలబడింది. రోజూ చూసే మనిషి అలా నిలబడేసరికి అమ్మ కంగారుపడింది.

"ఏంటి పిన్నిగారూ ఇది, లోపలికి రండి."

"లోపటికి రావొద్దమ్మా. బిచ్చానికొచ్చిన. లలిత బిడ్డకు ఒక్క గుడ్డముక్క పెట్టు."

"అయ్యో, దానికేం భాగ్యం, ఇస్తానండీ."

"ఇచ్చేముందు అడగాలె, ఏమనుకోకు. నీకు పిల్లలెందరు?"

"ఇద్దరేనండి. ఇదీ, తమ్ముడూ."

"పోయినోళ్లు?"

నేను చేతిలో పుస్తకంతో తలుపు పక్కనే నిలబడి ఉన్నాను. నాకంటే ముందు ఒక అబ్బాయి పుట్టి పదకొండో రోజున పోయాడని నాకు తెలుసు. ఎవరూ చెప్పలేదు. చిన్నప్పుడు అమ్మమ్మ ఎవరితోనో అంటుంటే విన్నాను. నాకు తెలుసని అమ్మకూ తెలుసు.

అమ్మ పొయ్యి వైపు చూసింది. దాని మీద ఏమీ లేదు. "లేరండి," అంది.

అమ్మ ఎందుకు అలా అందో చాలాసార్లు ఆలోచించాను. ఆ రోజుల్లో ఆ సందులో మా గుమ్మానికి వచ్చి, మాది ఏదో కావాలని అడిగిన మనిషి ఆమె ఒక్కతే. మీ గుడ్డ మా బిడ్డకు కావాలి అని. కాదనడం అమ్మ వల్ల కాలేదు. కాదనాలంటే కారణం చెప్పాలి. ఆ కారణాన్ని అమ్మ ఇరవై ఏళ్లుగా మా నాన్న ముందు కూడా పలకలేదు.

నెమలికంఠం రంగు మంగళగిరి చీర తీసి, అంచుతో సహా మూర ముక్క చించి ఇచ్చింది. అవ్వ చెవి దగ్గర రుద్దింది. మొహం విప్పారింది. "ఉలుకు లేదు పలుకు లేదు. గిదీ గుడ్డంటే. మీ పిల్ల లెక్కనే." ఇద్దరూ నవ్వారు. నేను డైరీ తెచ్చి రాశాను: పై ఇల్లు. నెమలికంఠం రంగు. పిల్లలు ఇద్దరు. పోయినవారు లేరు.

నా చేతిరాత మామూలుకంటే గుండ్రంగా ఉంది ఆ వరసలో.

నెలన్నర కుట్టింది ఆ బొంత. మిగతావి వారంలో కుట్టేది. బయటి అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి వచ్చే సన్నటి కుట్టు. ఒక మూల బెత్తెడు మేర కుట్టకుండా వదిలింది. బిడ్డ ఏడుపు విన్నాక మూయాలట. మా ముక్కను సగమే వాడి, మిగతా సగం సందుగలో దాచింది. దానికీ కారణం చెప్పింది: "నీ పెండ్లైనంక నీ బిడ్డకు."

సమ్మె రోజులవి. బస్సులు డిపో దాటడం లేదు, ఆఫీసులు మూతపడ్డాయి. లలిత పుట్టింటికి వచ్చి వారమైంది. ఒక మధ్యాహ్నం, నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి. సందు చివర ఆటో అతను చౌరస్తాలన్నీ తప్పించి సందులమ్మటే తీసుకెళ్లాడు. అవ్వ ఒక చేత్తో కూతుర్ని, ఇంకో చేత్తో బొంతను పట్టుకుని ఎక్కింది. సూది జాకెట్టుకు గుచ్చుకుని ఉంది.

మగపిల్లవాడు. ఏడ్చాడు. దవాఖాన వరండాలో నిలబడి అవ్వ బొంత మూల మూసేసిందట. ఆ మాట మాతో యాదమ్మ చెప్పింది, పండ్లు పట్టుకుని చూడబోయింది తనే. కానీ పిల్లవాడు అరచేతికంటే కాస్త పెద్ద, అంతే. అద్దాల పెట్టెలో పెట్టారు. బయటి గుడ్డ ఏదీ లోపలికి పెట్టనివ్వలేదు. అవ్వ ఆ బొంతను ఒళ్లో పెట్టుకుని నాలుగు రోజులు అద్దం ఇవతల కూర్చుంది. అయిదో రోజు పొద్దున డాక్టరు, ఊపిరితిత్తులు ఎదగలేదమ్మా, బిడ్డ దక్కలేదు, అని చెప్పాడు.

ఆ బొంత ఆ బిడ్డను ఒక్కసారీ తాకలేదు. ఇది నేను మర్చిపోకుండా రాసుకోవలసిన విషయం. అందుకే మళ్లీ రాస్తున్నాను.

వారం తర్వాత అవ్వ నన్ను కిందకు పిలిచింది. "బిడ్డ, నీ బుక్కు పట్టుకరా."

వాకిట్లో కూర్చుని ఉంది. బొంతను మొత్తం విప్పేసింది. ఆ సన్నటి కుట్టు దారమంతా పక్కన ఉండలా పోగుపడి ఉంది. ఇరవై ఒక్క ముక్కలు నేల మీద వరసగా పరిచింది. లలిత గదిలో గోడకు తిరిగి పడుకుని ఉంది.

"ఒక్కొక్కటి సదువు. ఎవలో అబద్ధం చెప్పిన్రు. గుడ్డల కల్తి ఉన్నది, గందుకే బిడ్డ ఆగలే."

నేను చదివాను. ఒక్కో వరసకు ఆమె ఆ ముక్క మీద చెయ్యి పెట్టి, చెవి దగ్గర రుద్ది, కళ్లు మూసుకుని, కింద పెట్టేది. ఇరవయ్యో వరసకు వచ్చాను. పైన పిట్టగోడ దగ్గర అలికిడైంది. తలెత్తితే అమ్మ చీర అంచు కనిపించింది, మొహం కనిపించలేదు.

"పై ఇల్లు," అని చదివాను. "పిల్లలు ఇద్దరు. పోయినవారు లేరు."

గొంతు ఎక్కడా ఆగలేదు. అవ్వ మా గుడ్డను రెండుసార్లు నిమిరి పక్కన పెట్టింది. "మల్ల మొదటికెళ్లి సదువు," అంది.

అయిదో వరస రెండోసారి చదువుతున్నప్పుడు యాదమ్మ గేటు తీసుకుని వచ్చింది. గంప దించి, ఆ పరిచిన ముక్కలు చూసి, ఏమీ అనకుండా గడప మీద కూర్చుంది. లలిత కోసం జామపండ్లు ఏరి కొంగులో వేసుకుంటోంది.

"యాదమ్మ. ఎర్ర చుక్కల నేతచీర. పిల్లలు ముగ్గురు..."

"ముగ్గురేనా?" అంది అవ్వ.

"నన్నడుగుతున్నవా? ముగ్గురికీ బొంతలు గుట్టిచ్చింది నువ్వే గదనే."

"పెద్దోని ముంగట?"

యాదమ్మ చేతిలో పండు ఆగిపోయింది. "గది మూడు నెలల కడుపు. పిందె గూడ గాలే. గదొక లెక్కనా?"

"పోయిందా, లేదా?"

"నువ్వే గదా నా పక్కన ఉన్నది అప్పుడు! నీకెర్క లేదా?"

"నేను మర్చిపోయిన. నీ కడుపు నువ్వెట్ల మర్చిపోతవ్? పోయిందా, లేదా?"

"పోయింది," అంది యాదమ్మ.

అవ్వ ఎర్ర చుక్కల ముక్కను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది. ఎంగిలి విస్తరిని పట్టుకున్నట్టు. "తీస్కపో."

"ఇంతకాలం కలిసి బతికినం. ఒక్క గుడ్డ ముక్కకా?"

"తీస్కపో యాదమ్మ. మల్ల నా గడప తొక్కకు."

నేను అక్కడే ఉన్నాను. చేతిలో పుస్తకం ఉంది, వేలు ఇరవయ్యో వరస మీద ఉంది. నోరు తెరిచానని కూడా గుర్తుంది. యాదమ్మ నా వైపు చూసింది. నేను రాసిందాంట్లో తనని కాపాడేది ఏమైనా ఉందేమో అన్నట్టు చూసింది. నేను పుస్తకం మూసేశాను.

ఆమె ఆ ముక్కను గంపలో పండ్ల అడుగున పెట్టుకుని వెళ్లిపోయింది. లలిత కోసం ఏరిన నాలుగు జామపండ్లు గడప మీదే ఉండిపోయాయి.

ఆ రోజు డైరీ ఇప్పుడు తీసి చూశాను. "యాదమ్మ వచ్చింది. జామపండ్లు తెచ్చింది," అని మాత్రం ఉంది.

అమ్మ ఆ వారంలోనే మిగతా నెమలికంఠం చీరను మసిగుడ్డలుగా చించేసింది. మంచి చీర, ఇంకా చిరుగు కూడా పట్టలేదు. నేను చూస్తుండగానే చించింది. ఇద్దరం ఆ గుడ్డలతో వేడి గిన్నెలు దించుకున్నాం.

ఆ తర్వాత అవ్వ బొంతలు కుట్టలేదు. కానీ గుడ్డలు తేవడం మానలేదు. ఎక్కువైంది కూడా. టైలర్ల మూటలు, హాస్టళ్ల కర్టెన్లు, రోడ్డు మీద బ్యానర్లు. ఇప్పుడు ఉతికేది కాదు, మడత పెట్టేది కాదు. చెవి దగ్గరకు తీసుకెళ్లేది కాదు. "ఇది దేనికి అవ్వా?" అని అడిగితే ఒకప్పుడు పది కారణాలు చెప్పిన మనిషి, "ఊకెనే," అనేది. గదిలో నేల కూడా నిండిపోయింది. గడప ఇవతల కాళ్లు ముడుచుకుని పడుకునేది. యాదమ్మ పండ్ల కేక మాత్రం సందులో రోజూ వినిపించేది. మా గేటు దగ్గరకొచ్చేసరికి ఆ గొంతు ఆగిపోయి, రెండిళ్లు దాటాక మళ్లీ మొదలయ్యేది. గొంతు ఆగినంతసేపూ అవ్వ తల ఎత్తేది కాదు.

చెప్పడానికి నాకు ప్రతిరోజూ వీలుంది. నలభై మెట్లు దిగితే చాలు. ఆచారాలు మూఢనమ్మకాలని పుస్తకాల్లో చదివినదాన్ని. అందుకే చెప్పనక్కర్లేదని అనుకునేదాన్ని. ఎవరి గుడ్డా ఎవరినీ చంపదు కదా, మరి ఎవరి గుడ్డ అయితే ఏంటి, అని. ఈ వాదన బాగుండేది. కారణం లేని గుడ్డను సందుగలో వేసినట్టుండేది.

ఏడాది తిరక్కుండా మేం ఎల్బీ నగర్ వచ్చేశాం.

దినం రోజున వెళ్లేసరికి సందులో షామియానా వేశారు. తెలంగాణ వచ్చినప్పటి తోరణాలు కరెంటు తీగలకు ఇంకా వేలాడుతున్నాయి, రంగు వెలిసిపోయి. లలిత చిక్కిపోయింది. ఆమెకు మళ్లీ పిల్లలు కలగలేదు. గది ముందు మునిసిపాలిటీ ట్రాలీ ఆటో ఆగి ఉంది, సగం వరకూ మూటలు ఎక్కించి ఉన్నాయి.

"మూడు ట్రిప్పులాయె," అంది లలిత. "కట్టెల మాట నేనే అంటుంటి గదా. నా నోరే మంచిది గాదు."

లోపలికి వెళ్లి సందుగ అడుగు నుంచి ఒక మడత తెచ్చింది. ఆ గదిలో అదొక్కటే ఉతికి, అంచు లోపలికి పోయేలా నాలుగు మడతలు పెట్టి ఉంది. నెమలికంఠం రంగు.

"గిది నీకియ్యమన్నది. ఆఖరికి మాట పడిపోయేముందు గిదే చెప్పింది. గా ఇరవై ఒక్క గుడ్డల గిదొక్కటి నమ్మకమైన గుడ్డ, పైనింటమ్మ మంచి మనిషి, కల్తి లేదు అని. నీ పెండ్లైనంక నీ బిడ్డకట."

నేను తీసుకున్నాను. వద్దనడానికి కారణం చెప్పాలి. అమ్మ కూడా ఆ రోజు ఇలాగే నిలబడిందేమో.

బయటకు వచ్చాక చూశాను. ఎదుటి హాస్టల్ మెట్ల మీద యాదమ్మ కూర్చుని ఉంది. పక్కన ఖాళీ గంప. షామియానా నీడ ఆమె కాళ్ల దాకా వచ్చి ఆగింది. భోజనాలకు ఎవరూ పిలిచినట్టు లేరు. నేను వెళ్లి ఒక మెట్టు కింద కూర్చున్నాను. ఆమె నన్ను గుర్తుపట్టి, చేతిలో మడత చూసి, "నీకిచ్చిందా? మంచిది," అంది.

"యాదమ్మా," అన్నాను. మూడేళ్లు లోపల తిప్పిన మాట కాబట్టి ఒక్క గుక్కలో వచ్చేసింది. "ఆ రోజు నేను చదివింది అబద్ధం. మా అమ్మకి నాకంటే ముందు ఒక బాబు పుట్టి పోయాడు. నాకు తెలుసు. తెలిసే లేరని రాశాను. మీ గుడ్డ వల్ల కాదు. ఎవరి గుడ్డ వల్లా కాదు, అసలు ఆ బొంత బాబును తాకనే లేదు. కానీ వెళ్లగొట్టాల్సింది మిమ్మల్ని కాదు."

 ఆమె గుడ్డ నా చేతిలోంచి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని రుద్దింది. ఆమె అలా చేయడం ఎప్పుడూ చూడలేదు. అవ్వను చూసి నేర్చుకుని ఉంటుంది, తనకు దాంట్లో ఏం వినాలో తెలుసో లేదో.

"మూడేండ్లు," అంది. "గీ సందులకెల్లి రోజు పోయిన బిడ్డ. మీరు ఈడ ఉన్నన్ని దినాలు రోజు నన్ను సూసినవ్."

"అవును."

"నేను గూడ నమ్మిన." గొంతు తగ్గించి, ఎవరైనా వింటారేమో అన్నట్టు చెప్పింది. "నా కడుపుల పోయిందే పోయి లలిత కొడుకును తీస్కపోయిందని నమ్మిన. గా ఎర్రచీర కాలవెట్టిన. నా కోడలు నీళ్లువోసుకుంటే దాని దగ్గరికి పోలే. నా మనవరాలికి రెండేండ్లు. ఇంకా ఎత్తుకోలే నేను."

 "లోపలికి రండి. లలితకు నేను చెప్తాను," అన్నాను.

యాదమ్మ షామియానా వైపు చూసింది. గది తలుపు తెరిచి ఉంది. ట్రాలీ మీద మూటలు కడుతున్నారు.

"లోపట ఎవలున్నరు ఇగ?" అంది.

గుడ్డను మళ్లీ నాలుగు మడతలు పెట్టి, అంచు లోపలికి తోసి, నా ఒళ్లో పెట్టింది. గంప ఎత్తుకుని లేచింది. ఖాళీ గంపే అయినా నెత్తిన చుట్టగుడ్డ పెట్టుకుని, దాని మీద పెట్టుకుంది. గేటు ముందు నుంచి వెళ్లేటప్పుడు, అమ్మడానికి పండ్లేమీ లేకపోయినా, అలవాటుగా నోరు మూసుకుంది. రెండిళ్లు దాటాక కూడా మళ్లీ గొంతు వినిపించలేదు.